మాట్లాడని పిల్లలు

మా నాన్నకి పిల్లలు కనపడటం ఒక చలికాలంలో మొదలైంది. పొద్దున్నే టీ తాగుతూ అమ్మని పిలిచి, "సోఫాలో పిల్లలు కూర్చున్నారు, వాళ్ళకి రెండు బిస్కెట్లు పెట్టవా?" అన్నాడు. సోఫాలో ఇస్త్రీకి పోవలసిన బట్టల మూట తప్ప ఏమీ లేదు. అమ్మ ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఎవరు ఏం చూశామన్నా కంగారు పడదు. "ముందు మీరు తాగండి, చల్లారిపోద్ది," అని ఆయనకి చెప్పి, వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "ఇదొకటి మొదలైంది," అంది నాతో.

అప్పటికే ఆయనకి పార్కిన్సన్స్ వచ్చి చాలా ఏళ్ళయింది. మొదట కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే నలుపుకోవడం మొదలుపెట్టాయి. తర్వాత చేతిరాత చీమల బారులా చిన్నదైపోయింది. తర్వాత నడక. గుమ్మం దగ్గరికొచ్చేసరికి కాళ్ళు నేలకి అతుక్కుపోయేవి. తోస్తే పడిపోతాడు, తిడితే ఇంకా బిగుసుకుంటాడు. అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. గుమ్మం దగ్గర నిలబడి ఏదైనా తాళం ఉన్న క్రైస్తవ కీర్తన ఎత్తుకునేది. ఆ తాళానికి ఆయన కాళ్ళు లేచేవి. మా ఇంట్లో బాత్రూముకి వెళ్ళాలన్నా కీర్తన పాడాల్సిందే. రాజిందర్ నగర్‌లో మా కింద అంతస్తులో కోచింగ్ కోసం అద్దెకున్న కుర్రాళ్ళు మమ్మల్ని మహా భక్తులనుకునేవాళ్ళు.

ఇక్కడ నాన్న అని రాస్తున్నాను గానీ మేము డాడీ అనేవాళ్ళం. గుంటూరు వైపు నుంచి నర్సు ఉద్యోగాలకి వచ్చిన క్రైస్తవ కుటుంబాల్లో అందరూ అంతే. అమ్మకి ఉద్యోగం వస్తే ఆయన వెంట వచ్చాడు. పెళ్ళాం వెనక ఊరు దాటిన మగాడని మా వాళ్ళలో చాలాకాలం చెప్పుకున్నారట. ఆయన పట్టించుకోలేదు. ఒక ప్రెస్‌లో ప్రూఫులు దిద్దే పని చూసుకున్నాడు. పనిలో ఎంత నెమ్మదో, తప్పు విషయంలో అంత మొండి. అచ్చయిపోయిన కాగితం మీద తప్పు కనపడితే అన్నం సహించేది కాదు. ఇది మంచిగుణమో, మాకు పట్టిన శనో చిన్నప్పుడు నాకు తేలలేదు.

నేను చేసేది ఇంకో రకం పని. ఒక పెద్దాసుపత్రి పాథాలజీ విభాగంలో టెక్నీషియన్ని. ఒళ్ళోంచి తీసిన ముక్కల్ని మైనం దిమ్మల్లో పొదిగి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి, రంగులద్దడం. పేరు రాయాల్సిన చోట నంబరు ఉంటుంది కాబట్టి అది ఎవరిదని మనసుకి తట్టదు. అప్పుడప్పుడూ చనిపోయినవాళ్ళ మెదడు ముక్కలు కూడా వచ్చేవి, చదువుకునే డాక్టర్లకి చూపించడానికి.

పార్కిన్సన్స్ మెదడు నేను మొదటిసారి చూసింది అలాగే. మెదడు కాండంలో ఒకచోట మామూలు మనిషికి కాటుక గీసినట్టు నల్లటి గీత కంటికే కనపడుతుంది. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో ఆ కాటుక చెరిగిపోయి ఉంటుంది. మిగిలిన కాసిని కణాల్ని మైక్రోస్కోపులో పెద్దవి చేసి చూస్తే, కొన్నింటి లోపల గులాబీ రంగు ఉండలు కనపడతాయి. పాయసంలో సగ్గుబియ్యం గింజలా గుండ్రంగా, చుట్టూ తెల్లటి అంచుతో. వాటిని లూయీ బాడీలంటారు. కణంలో రోజూ పనిచేసే ఒక ప్రొటీన్ దారి తప్పి, మడత చెడి, ఒకదానికొకటి అంటుకుని ముద్దకడితే అవి తయారవుతాయి. ఆ ముద్దలే కణాన్ని చంపుతున్నాయా, లేక కణం చెత్తనంతా ఒక మూలకి ఊడ్చి తనని తాను కాపాడుకుంటోందా అన్నది ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేరని మా విభాగం పెద్ద, మేము మేడమ్ అని పిలిచే డాక్టరమ్మ, చెప్పేది. నాకు ఆ మాట బాగా నచ్చింది. తప్పుకీ, తప్పు దిద్దుకునే ప్రయత్నానికీ పైకి తేడా కనపడకపోవడం మనుషుల్లో నేను చాలా చూశాను.

ఆ ఉండలు కాండం దగ్గర ఆగకుండా పైమెదడులోకి కూడా వ్యాపిస్తే మనిషికి లేనివి కనపడతాయి. మసకగా కాదు, బట్టల మీద బొత్తాలతో సహా కనపడతాయి. ఎక్కువగా పిల్లలు, చిన్నపాటి మనుషులు, కుక్కలు, పిల్లులు. మా నాన్నని చూసే డాక్టరు ఈ సంగతే చెప్పి, ఒక మందు తగ్గించి, "ఆయనకి భయం లేనంతవరకూ మీరు భయపడకండి," అన్నాడు. నాన్నకి భయమేమీ లేదు. పిల్లలంటే ఆయనకి ఇష్టం. మా ఇంట్లో భయపడేదాన్ని నేనొక్కదాన్నే.

అక్కడితో ఆగి ఉంటే అది మా ఇంటి గొడవ. కానీ నాన్న సంఘ పెద్ద. ఢిల్లీలో మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. ఆదివారం సాయంత్రం ఒక హాలు అద్దెకి తీసుకునేవాళ్ళం. వారం మధ్యలో ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూటం. కూటం చివర పెద్దవాళ్ళు ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయడం ఆనవాయితీ. ఆ పని ఎప్పుడూ మా నాన్నదే. జబ్బు వచ్చాక ఆ చెయ్యి తల మీద ఆనగానే వణికేది. ఆనించి ఉంచిన చెయ్యి వణకడం ఈ జబ్బు మొదటి లక్షణం. హాలు నిండా నర్సులే. వాళ్ళకి తెలియదా అంటే తెలుసు. కానీ డ్యూటీ చెప్పులు గుమ్మం బయట వదిలినప్పుడు ఆ చదువు కూడా అక్కడే వదిలి వచ్చేవాళ్ళు. "అంకుల్ చెయ్యి పెడితే ఒళ్ళంతా కరెంటు పాకినట్టుంటదండీ, ఆయనకి దేవుడి అభిషేకం ఉంది," అని ఒకావిడ సాక్ష్యం చెప్పింది. నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. అమ్మ నా మోచేతిని గిల్లింది.

ఆ తర్వాత ఒక కూటంలో నాన్న ఒకామె తల మీద చెయ్యి పెట్టి, ప్రార్థన మధ్యలో ఆగి, కళ్ళు తెరిచి పక్కకి చూసి, "పాపని కాస్త అటు జరపమ్మా, నా కాలు తగులుద్దేమో," అన్నాడు.

ఆ పక్కన ఎవరూ లేరు. ఆమె సాకేత్ దగ్గర ఒక నర్సింగ్ హోంలో స్టాఫ్ నర్సు. నాకన్నా కొంచెం పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. పెళ్ళై పదేళ్ళు దాటినా పిల్లల్లేరు. భర్త గుర్‌గావ్‌లో ఏదో ఆఫీసులో పని చేసేవాడు. "ఎవరంకుల్?" అంది ఆమె. "అదే, మీ పాప," అన్నాడు నాన్న. గదిలో ఒక్కసారిగా ఏడుపులూ స్తోత్రాలూ. ఆమె అక్కడే నేల మీద బోర్లాపడి ఏడ్చింది. నాన్నకి అసలు ఏం జరిగిందో అర్థం కాలేదు. ఇంటికొచ్చాక అమ్మని, "ఆ పాప వాళ్ళది కాదా?" అని అడిగాడు.

ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది మా సంఘానికి. దర్శనాలు చూసే తాతగారని ఫరీదాబాద్ నుంచి కూడా వచ్చారు. నా వీసా వస్తదా, మా వాడి బదిలీ అవుద్దా, ఈ సంబంధం ఖాయం చేసుకోమంటారా. నేను తలుపు దగ్గరే కొందరిని తిప్పి పంపాను. చివరికి పాస్టరు కూడా, "దేవుడు వాడుకునే పాత్ర ఎలాంటిదైనా కావచ్చు కదమ్మా," అని నాకు నచ్చజెప్పబోయాడు. నాన్న మాత్రం మొహమాటపడేవాడు. వచ్చినవాళ్ళకి ఏమీ చెప్పేవాడు కాదు. కానీ, కాదని కూడా అనేవాడు కాదు. జబ్బు మనిషిని మూలన కూర్చోబెట్టాక, మళ్ళీ పదిమంది తన చుట్టూ చేరడం ఆయనకి హాయిగా ఉందని నాకు తెలుసు. నాకు కోపం వచ్చింది ఆయన మీద కాదు, ఆ హాయిని చెరపాల్సింది నేనే అయినందుకు.

చెరపక తప్పని రోజు వచ్చింది. ఫిబ్రవరిలో అమ్మ కూరగాయలు తరుగుతూ చెప్పింది. ఆ అక్కకి గర్భసంచి నిండా గడ్డలు. ఒకసారి తీయించుకుంటే మళ్ళీ వచ్చాయి. నెలనెలా రక్తం పోయి పోయి మనిషి తెల్లకాగితంలా అయింది. ఇక గర్భసంచి తీసేయక తప్పదని డాక్టర్లు ఆపరేషన్‌కి రోజు కూడా ఇచ్చారు. ఆమె ఆ రోజు వెళ్ళలేదు. దేవుడి వాగ్దానం వచ్చాక కత్తికి లొంగితే అది అవిశ్వాసం అవుతుందట. రక్తం ఎక్కించుకోమన్నా వద్దందట.

"నువ్వు చెప్పలేదా?" అన్నాను.

"చెప్పాను. 'అంకుల్ చూసింది మీరు కాదంటారా ఆంటీ?' అంది. నేనేం చెప్పను? మొన్న డ్యూటీలో కళ్ళు తిరిగి పడిపోయిందంట. ఇట్టాగే ఉంటే ఇంకో రెణ్ణెల్లు కూడా తట్టుకోలేదు." అమ్మ కత్తిపీట పక్కన పెట్టేసింది.

ఆ సాయంత్రమే నాన్నతో చెప్పాను. మీకు కనపడేది దర్శనం కాదు డాడీ, జబ్బు అని. మెత్తగా చుట్టి చెప్పడం నాకు చేతకాదు. ఆయన, "నా కళ్ళతో నేను చూసినదాన్ని లేదంటావేందే? నువ్వు చూశావా నా బుర్రలో ఏముందో?" అన్నాడు. నేను చూడలేదు. ఆ ఉండలు బతికున్న మనిషిలో కనపడవు. ఏ స్కానుకీ దొరకవు. మనిషి పోయాక, నాలాంటివాళ్ళు కోసి రంగులద్దితేనే బయటపడతాయి. ఆ మాట కన్నతండ్రితో ఎలా అంటాం? కానీ ఆయనే అడిగాడు. "ఎట్టా ఉంటయ్యో ఒకసారి చూపించు. అచ్చులో చూడందే నేను దేన్నీ తప్పనను."

మేడమ్‌ని అడిగితే, శనివారం మధ్యాహ్నం ఎవరూ ఉండనప్పుడు తీసుకురమ్మంది. ఆటోలో వెళ్ళాం. మెట్రో పనుల కోసం రోడ్లన్నీ తవ్వి పోసిన రోజులవి. లాబ్ గుమ్మం దగ్గర ఆయన కాళ్ళు అతుక్కుపోతే, ఫార్మలిన్ వాసన మధ్య నిలబడి నేను కీర్తన ఎత్తుకున్నాను. నా గొంతు గార్దభం. కాళ్ళు లేచాయి.

ఇద్దరు ఒకేసారి చూసే మైక్రోస్కోపు ఒకటి ఉండేది, చదువుకునేవాళ్ళ కోసం. అటువైపు ఆయన్ని కూర్చోబెట్టాను. జబ్బు వంచేసిన మెడకి ఆ ఎత్తు సరిగ్గా సరిపోయింది. చూపించే బాణం గుర్తుని జరుపుతూ చెప్పాను. ఇవి నల్లపొడి చల్లినట్టున్న కణాలు, ఇదిగో దీని లోపల గులాబీ రంగులో గుండ్రంగా, ఇది.

ఆయన ఎంతకీ తల ఎత్తలేదు. ప్రూఫు చూసేటప్పుడు కూడా అంతే, పక్కన ఇల్లు కాలుతున్నా తెలిసేది కాదు.

"బానే ఉందే చూడ్డానికి," అన్నాడు చివరికి. "ఇది ఎవరిది?"

"తెలీదు డాడీ. నంబరే ఉంటుంది."

"నాలో కూడా ఇదే ఉందని నువ్వనుకుంటున్నావు."

"అవును."

"చూడకుండానే."

"అవును."

"మరి నీదీ విశ్వాసమేగా," అని చిన్నగా నవ్వాడు. నిజమే. లక్షణాల్ని బట్టి, మందుల్ని బట్టి నమ్ముతున్నాం. కానీ నా నమ్మకం ఒకరిని ఆపరేషన్ బల్ల మీదకి పంపుతుంది, ఆయనది పంపదు. అంత తేడా ఉంది, అది చిన్న తేడా కాదు.

కాసేపటికి మళ్ళీ అడిగాడు. "ఈ మనిషికి కూడా పిల్లలు కనపడేవాళ్ళా?"

పాఠం చెప్పేటప్పుడు ఈ స్లైడు గురించి మేడమ్ చెప్పిన సంగతి నాకు గుర్తుంది. ఎవరో ముసలావిడ. ఉత్తరాది మనిషి. మంచం మీద పిల్లలొచ్చి కూర్చుంటున్నారని, బడికి పొమ్మంటే కదలడం లేదని కోడలికి రోజూ ఫిర్యాదు చేసేదట. అది చెప్పాను. నాన్న నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"మాట్లాడేవాళ్ళంటనా ఆ పిల్లలు?"

"లేదనుకుంటా. పలకరు, ఉలకరు అని చెప్పిందంట."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. వణికే చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు. "నా దగ్గరికొచ్చేవాళ్ళూ అంతే. ఇన్నాళ్ళూ నన్ను తొలిచేది అదే. బైబిల్ వాక్యంలో చూడు, దేవుడి దగ్గర్నుంచి వచ్చినవాళ్ళు ఊరికే కూర్చుని పోరు. ఏదో ఒక కబురు చెప్పి పోతారు. వీళ్ళు నోరు తెరవరు. నేనే ఏదైనా అంటారేమోనని చూస్తా ఉంటా." ఆయన కళ్ళనిండా నీళ్ళు. ఆయనకి అది కేవలం తప్పు తేలడం కాదు. ఇంత జబ్బులో దేవుడు తనని మర్చిపోలేదన్న ఒక్క గుర్తు చేజారిపోవడం. నాకు ఆ గాజుపలకని తీసి నేలకేసి కొట్టాలనిపించింది. పాపం ఆ ముసలావిడ ఏం చేసింది.

ఆయన లేవబోతూ ఆ పలకని ఓసారి చేత్తో పట్టుకోవచ్చా అని అడిగాడు. ఆ చేతికి ఇవ్వలేను. నేను పట్టుకుంటే, కళ్ళు మూసుకుని ఆ పేరులేని ఆమె కోసం ఒక మాట ప్రార్థన చేశాడు. తర్వాత, "ఆ అమ్మాయి ఇంటికి పోదాం పద," అన్నాడు.

"రేపు పోదాం డాడీ, అలిసిపోయారు."

"తప్పు నా నోట్లోంచి వచ్చింది. అది పట్టుకుని ఆ పిల్ల అక్కడ చచ్చిపోతుంటే నేను రేపటిదాకా పడుకోనా?"

సాకేత్‌లో ఆమె ఉండేది ఒక ఇంటి వెనకవైపు గదిలో. తలుపు తీసిన మనిషిని చూసి నేను ఉలిక్కిపడ్డాను. పెదాల్లో రంగు లేదు. గోడ పట్టుకుని నడుస్తోంది. "వందనాలంకుల్ గారూ! కబురు చేస్తే నేనే వచ్చేదాన్నిగా," అంటూ మంచం మీది దుప్పటి సర్ది కూర్చోబెట్టింది. ఆమె మొహం వెలిగిపోయింది. ఇంకో వాగ్దానం మోసుకొచ్చాడనుకుంది పాపం.

నాన్న నీళ్ళు కూడా ముట్టలేదు. "అమ్మా, నేనొక మాట అనడానికొచ్చా. నువ్వు మధ్యలో ఆపబాక. నేను ఆ రోజు చూసింది దేవుడు చూపించింది కాదు. నా తలకాయలో జబ్బు చూపించింది. ఇయ్యాల నా కళ్ళతో చూసొచ్చా. ఆ జబ్బున్న వాళ్ళందరికీ పిల్లలు కనపడతారంట. నీ పక్కనే కాదు, మా సోఫాలో కనపడ్డారు, బస్టాపులో కనపడ్డారు. నా మాట మీద నువ్వు ఆపరేషన్ మానుకున్నావంట. మానుకోబాక. నేను పొరపాటు చెప్పా. నన్ను క్షమించు తల్లీ."

ఆయన రెండు చేతులూ జోడించబోయాడు, అవి ఒకదానికొకటి అందలేదు. ఆమె ఆ చేతుల్ని గబుక్కున పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చాలాసేపు ఆ చేతుల్ని అలాగే పట్టుకుని, ఆ వణుకు తన చేతుల్లోకి వస్తుంటే చూస్తూ కూర్చుంది.

"సోమవారం వెళ్తానంకుల్," అంది. "మా హెడ్ సిస్టర్‌తో చెప్పి డేట్ తీసుకుంటా."

"నేను వెంట వస్తాను అక్కా," అన్నాను. తలూపింది.

బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయలేక తంటాలు పడుతున్నారు. నాన్న ఊపిరి తీసుకున్నాడు. నేను లేచి ఆయన చెప్పులు దగ్గరికి జరిపాను. అప్పుడు ఆమె, ఆయన చేతులు వదలకుండానే అడిగింది.

"అంకుల్, ఒక్కటి అడుగుతా. ఆ రోజు అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ పాప ఎట్టా ఉంది?"

నాన్న నా వైపు చూశాడు. చెప్పవచ్చా అని అడుగుతున్న చూపు. అది లేదు, లేదు అని అంత వాదించినదాన్ని, లేచినదాన్నల్లా మళ్ళీ కూర్చున్నాను.

"చామనఛాయ," అన్నాడు ఆయన, మెల్లగా. "నీ పోలికే. రెండు జడలు, ఒకటి ఊడిపోయి ఉంది. ముందు పాలపళ్ళు ఊడి, కొత్తవి ఇంకా రాలేదు. చలికి ముక్కు కారతంటే నీ చున్నీకే తుడుచుకుంది."

ఆమె ఒక చెయ్యి వదిలి, ఒళ్ళో పడి ఉన్న చున్నీ కొస కోసం తడుముకుని, దాన్ని గుప్పిట్లో పట్టుకుంది.

"ఇంకా చెప్పండంకుల్," అంది.

నాన్న చెప్పాడు.